కొంగు చివర విప్పాలి

ప్రొద్దుటూరులో మా బట్టలంగడిని పడగొట్టి అద్దాల షోరూము కడుతున్నామని తమ్ముడు శీను ఫోను చేసినప్పుడు నేను పులివెందులలో ఉన్నాను. అక్కడ ఒక బడివాళ్లు పిలిస్తే, పిల్లలు సొంతంగా బొమ్మల కథలు ఎలా తయారు చేసుకోవచ్చో చెప్పడానికి వెళ్లాను. ఈ వయసులో నేల మీద కూర్చుని పిల్లల కాగితాలు ఒక్కొక్కటే చూడడం మోకాళ్లకు శిక్షే గానీ, పిలిచిన చోటికి వెళ్లకుండా ఉండడం నాకు చేతకాదు. సాయంత్రం బస్సు దిగి వెళ్లేసరికి అంగడి ముందు ఇటుకలు, లోపల దుమ్ము. చిన్నప్పుడు మేం దొర్లిన పరుపులు లేవు, చెక్క బీరువాలు లేవు. శీను నాకొక స్టూలు వేసి కూర్చోబెట్టి, రెండు వస్తువులు నా ఒళ్లో పెట్టాడు. ఒకటి నాయన గుడ్డ కొలిచే ఇనుప గజం. రెండోది అటక మీద నుంచి దించిన కాగితం పొట్లం. పొట్లంలో ఏముందో ఇప్పుడే చెప్పను. ఉన్నదంతా మొదటే చూపించేసి నా చేతులారా చెడగొట్టుకున్న కథలు నాకు చాలా ఉన్నాయి. ఆ అలవాటు ఎలా వచ్చిందో, ఎలా వదిలిందో చెప్పాలంటే ఈ అంగడి సంగతే చెప్పాలి.

మా ఇల్లు అంగడికి వెనకే. తెల్లవారితే మేనత్త సావిత్రత్త పెరట్లో బిందెలు తోమే చప్పుడు ఒక వైపు, నాయన అంగడి తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించే చప్పుడు ఇంకో వైపు. సాంబ్రాణి పొగ, కొత్త గుడ్డకు పెట్టిన గంజి, అమ్మ రోట్లో నూరే చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి, ఈ మూడింటి వాసనా కలిసిపోయి నాకు ఇప్పటికీ విడదీయడం రాదు. అంగట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. చెప్పులు బయట విడిచి ఎక్కి కూర్చోవాలి. రాజుపాలెం నుంచో జమ్మలమడుగు నుంచో రైతులు పెండ్లి బట్టలకు వచ్చారంటే ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్లు. ముందు మజ్జిగ, తరవాత వానల గురించి మాటలు, ఆ తరవాతే చీరలు. నాయన చీరను మామూలుగా పరిచేవాడు కాదు. మడతను మోకాలి మీద పెట్టుకుని, మాటల్లో మాటగా, ఒక్క విసురుతో కొంగు వెళ్లి వాళ్ల ఒళ్లో పడేటట్టు విప్పేవాడు. చీరకు మొగం కొంగేననీ, అది చూపిస్తే తక్కిందంతా వాళ్లే ఊహించుకుంటారనీ ఆయన నమ్మకం. నమ్మకమేమిటి, రోజూ కళ్ల ముందు జరిగేదే. కొంగు నచ్చితే చాలు, లోపల చీర ఒళ్లు సాదాగా ఉందా, బుటాల పువ్వులున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. మా బజారంతా అలాగే అమ్మేది. ఆ విసురు చూస్తూ పెరిగిన పిల్లను నేను.

బొమ్మలు గీయడం నాకు ఎప్పుడు పట్టుకుందో గుర్తు లేదు. బట్టల బేళ్లకు చుట్టి వచ్చే దళసరి కాగితాన్ని కోసి, పొట్లాలు కట్టే దారంతో కుట్టి పుస్తకాలు చేసేదాన్ని. పేజీని బొమ్మల గడులుగా విడగొట్టే గీతలకు నాయన ఇనుప గజం. ఆయన గజం కోసం వెతుక్కుంటూ వచ్చి నా దగ్గర చూసి, తిట్టకుండా చెయ్యి చాచేవాడు. మొదట నేను మొదలుపెట్టింది ఒక మహారాజు కథ. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక్కొక్కడికి ఒక్కో రాజ్యం, ఒక్కో రాజ్యంలో ఒక్కో యుద్ధం. గుర్రాన్ని నేను దగ్గరగా చూసింది జట్కాబండికి కట్టినప్పుడే, అయినా సైన్యాలకు సైన్యాలు గీశాను. పెద్ద కొడుకు ఊరు దాటకముందే నాకు విసుగు పుట్టి మానేశాను. తరవాత మొదలుపెట్టినవీ అంతే. సగం కుట్టిన పుస్తకాలు మంచం కింద పేరుకుపోయాయి. ఈ రోజుకూ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరొచ్చినా నేను చెప్పే మొదటి మాట ఇదే. చిన్న కథ పట్టుకో, ముగించు. ముగించడం అనేది ముగిస్తేనే వస్తుంది, ఇంకో దారి లేదు.

నా పుస్తకాలకు మొదటి పాఠకురాలు సావిత్రత్త. చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసిన మనిషి. బెల్లం చుట్టి వచ్చిన కాగితాన్ని కూడా విప్పి, చదివి, అప్పుడు పొయ్యిలో వేసేది. మొహమాటం అనేది ఆమె ఒంట్లో లేదు. రాజకుమారుడి ముక్కు ఒక గడిలో పొడుగ్గా, ఇంకో గడిలో చప్పిడిగా ఉంటే, ఈ కొత్తాయన ఎవరని అడిగింది. అదే మనిషని చెప్తే, మనిషికొక గుర్తు పెట్టు, మీ నాయనకు చెవి మీద పెన్సిలు ఉన్నట్టు, అంది. నాకు ఒళ్లు మండింది గానీ ఆ తరవాత చెవి మీద పెన్సిలు లేకుండా ఏ మనిషినీ గీయలేదు. పెన్సిలు కాకపోతే బట్టతల, అది కాకపోతే ముక్కుపుడక. ఇంకో పొరపాటు మాటల దగ్గర. గడి నిండా కోట, చెట్లు, ఆకాశం గీసేసి, చివర్న మాటలు రాద్దామని చూస్తే జాగా ఉండేది కాదు. మూలన మిగిలిన కాస్త చోటులో చీమలంత అక్షరాలు ఇరికించేదాన్ని. అత్త కండ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చివరకు కాగితం నా మీదకే విసిరేది. అప్పటి నుంచి ముందు మాటలు పెన్సిలుతో రాసుకుని, వాటికి చోటు వదిలి, ఆ తరవాతే బొమ్మ మొదలుపెడతాను. గడుల సంగతి ఇంకా అన్యాయం. ఇనుప గజం మీద ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు ఎంతో నా గడి అంత. యుద్ధమైనా అంతే, అన్నం తినడమైనా అంతే. అన్నీ ఒకే పన్నా, ఒకే వెడల్పు గుడ్డలు మాదిరి ఉండాయి అని అత్త అన్నప్పుడు గానీ, పెద్ద సంగతికి పెద్ద గడి కావాలని నాకు తట్టలేదు.

ఇంటర్ పరీక్షలు అయ్యాక, మద్రాసులో బొమ్మలు నేర్పే కాలేజీ ఉందనీ, అక్కడ చేరతాననీ ఇంట్లో చెప్పాను. మద్రాసులో మా పెద్దమ్మ ఉంది కాబట్టి ఉండడానికి ఇబ్బంది లేదు. అమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. నాయన మాత్రం కోప్పడలేదు. మజ్జిగన్నం కలుపుకుంటూ, అంగట్లో గిరాకీతో మాట్లాడినంత నిదానంగా మాట్లాడాడు.

"అమ్ముడుపోని సరుకు నేను అంగట్లో పెట్టను. నీ పుస్తకం తెచ్చి పరుపు మీద పెట్టు. మనోళ్లు కాదు, బయటోళ్లు ఎవురన్నా, చదవమని ఎవురూ చెప్పకుండా, కడాకు చదవాల. వైశాఖం పెండ్లిండ్లు అయిపోయేలోపల ఒక్కరు చదివినా సరే, మద్రాసుకు నేనే తోడొచ్చి దింపుతా. చదవకుంటే మళ్లా ఆ మాట ఎత్తొద్దు. గల్లాపెట్టె కాడ కూచోని అంగడి పని నేర్చుకుందువు."

సరేనన్నాను. ఒక్క మనిషి చదవడమే కదా, అదెంత పని అనుకున్నాను. మర్నాడే నా దగ్గరున్న వాటిల్లో మంచిదాన్ని ముగించి పరుపు మీద పెట్టి, లోపలి గది తెర వెనక నిలబడ్డాను. వచ్చినవాళ్లు తీసుకునేవాళ్లు. మొదటి పేజీ చూసి శానా బాగుందే అనేవాళ్లు. అనరా మరి, నాకు చేతనైన బొమ్మల్లో అన్నిటికంటే మంచిదాన్ని, పేజీ నిండా, మొదటే పెట్టాను. రాక్షసుడు కోట బురుజు విరిచే బొమ్మ అది. ఒక్క పేజీ తిప్పేవాళ్లు, రెండో పేజీ సగం చూసేవాళ్లు. ఆ తరవాత ఆ పుస్తకంతోనే విసురుకుంటూ చీరల వైపు తిరిగేవాళ్లు. ప్రొద్దుటూరు ఎండల్లో నా పుస్తకం విసనకర్రగా మాత్రం బాగా పనికొచ్చింది. ఇంకో పుస్తకం చేశాను, అదీ అంతే. తెర వెనక నిలబడి, నా రాక్షసుడితో ఎవరో మెడ కింద గాలి విసురుకుంటుంటే చూడడం ఎంత కష్టమో, చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఒక రోజు జమ్మలమడుగు నుంచి వచ్చిన ముసలామె పుస్తకం చేతిలోకి తీసుకుని, తనకు చదువు రాదనీ, చదివి చెప్పమనీ నన్నే పిలిచింది. చెప్పి చదివించుకుంటే నాయన షరతుకు లెక్కలోకి రాదు గానీ, ఆశ కొద్దీ వెళ్లి పక్కన కూర్చున్నాను. గుర్రం వేగంగా పరుగెత్తుతోంది అని చదివాను. ఆమె నా వేలు పట్టుకుని ఆపింది.

"గుర్రం పరిగెత్తేది నాకు అగుపడ్తానే ఉంది గదా పాపా. మళ్లా చెప్తావెందుకు? అగుపడనిది ఏమన్నా ఉంటే చెప్పు."

చెప్పడానికి ఏమీ లేదు. పుస్తకమంతా అదే పని చేశాను. వాన కింద వాన కురుస్తోందని, ఏడుపు కింద ఏడ్చిందని. ఆమె మీద వచ్చిన కోపం అన్నం తిన్నా దిగలేదు. కోపంగానే పుస్తకం తీసి, బొమ్మ చెప్పేసిన ప్రతి మాటనూ కొట్టేస్తూ పోయాను. చివరకు చూస్తే మాటలన్నీ పోయాయి, కథ కూడా పోయింది.

పెండ్లిండ్లు అయిపోవస్తున్నాయి. ఒక పూట తెర వెనక నుంచి ఊరికే నాయన అమ్మడం చూస్తున్నాను. ఆయన అలవాటుగా విసిరాడు. కొంగు పడింది. వాళ్లు చూశారు, తలలూపారు, కట్టేయమన్నారు. చీర తక్కిన భాగాన్ని ఒక్కరూ విప్పి చూడలేదు. ఎన్ని వందల సార్లు చూసిన సంగతో అది. ఆ పూట మాత్రం నాకు తట్టింది. నేను చేస్తున్నదీ ఇదే. నా కథ కొంగు మొదటి పేజీలో వాళ్ల ఒళ్లో విసిరేస్తున్నాను. చూశారు, మెచ్చుకున్నారు, వాళ్ల పని అయిపోయింది. ఇక తక్కిన పేజీలు ఎందుకు తిప్పుతారు? చీర అమ్మాలంటే కొంగు ముందు విప్పాలి. కథ చదివించాలంటే మడతలోనే ఉంచి, అది అక్కడ ఉందని మాత్రం తెలియనివ్వాలి.

ఆ రోజే రాజులకు, రాక్షసులకు దండం పెట్టేశాను. మా అంగడినే గీశాను. ఒక పెండ్లికూతురు, చుట్టూ పెద్దవాళ్లు. అందరూ తలా ఒక చీర తీయమంటారు, అందరూ మాట్లాడతారు, పెండ్లికూతురు ఒక్కతే మాట్లాడదు. పేజీ పేజీకి పరుపు మీద చీరల కుప్ప పెరుగుతుంది. వెనక బీరువాలో పై అరలో ఒక నీలం చీర మడతలో ఉంటుంది. దాని అంచు మాత్రం ప్రతి గడిలోనూ కనిపిస్తుంది, పెండ్లికూతురి చూపు దాని వైపే ఉంటుంది. దాని గురించి ఎక్కడా ఒక్క మాటా రాయలేదు. మా అంగట్లో అప్పుడు నిజంగానే ఉన్న నీలం పట్టుచీరను చూసి గీశాను అది. పుస్తకమంతా నల్ల సిరా, ఆ అంచు ఒక్కటే నీలం. చివరి పేజీలో, పేజీ నిండా, కొంగు విప్పుకుంటుంది. పెండ్లికూతురు మొదటిసారి నోరు తెరిచి, ఇది, అంటుంది. అంతే కథ. నా చేతిలో మొదలై సరిగ్గా ముగిసిన మొదటి పుస్తకం. బేళ్ల కాగితం మీద సిరా పాకుతుంటే గంజి నీళ్లు పూసి ఆరబెట్టి మళ్లీ గీశాను. సావిత్రత్త చూపించమన్నా చూపించలేదు.

వైశాఖం చివర్లో రాజుపాలెం నుంచి ఒక రైతు కుటుంబం వచ్చింది. పెండ్లికూతురి పెదనాయన మీసమున్న మనిషి, ఊళ్లో ఆయన మాట నడుస్తుందని కూర్చున్న తీరులోనే తెలిసేది. ఎర్ర చీరలు తీయించాడు, జరీ పట్టి చూశాడు, అంతా ఆయనే. పిల్ల తల్లి, పిల్ల, మిగతా ఆడవాళ్లు మజ్జిగ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్లది నా వయసే. మోకాలి పక్కన ఉన్న నా పుస్తకం తీసుకుంది. విసురుకుంటుందేమో అని చూశాను. విసురుకోలేదు. ఒక పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. మధ్యలో ఆగి, వెనక్కి వెళ్లి, ఆ నీలం అంచును వేలితో వెతికింది. నేను తెరను రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. చివరి పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయింది. తరవాత పుస్తకం మూసి పక్కన పెట్టి, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"పైన ఉండే ఆ నీలం చీర తీయండి."

నాయన ముందు ఆ పిల్ల పెదనాయన వైపు చూశాడు.

"పెండ్లికి నీలమేంది?" అన్నాడు ఆ పెద్దమనిషి. "నిన్ను ఎవురు అడిగినారు?"

"ఎవురూ అడగల్యా. అందుకే నేనే చెప్తాండా."

ఓబులమ్మా, ఊరుకో అని తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు పెదనాయన కన్ను పుస్తకం మీద పడింది. రెండు పేజీలు తిప్పాడు, చివరిది చూశాడు, నాయన ముందుకు విసిరాడు. బట్టలు అమ్ముతారా, ఆడపిల్లలకు ఎదురు చెప్పడం నేర్పుతారా అని అడిగి లేచాడు. ఆయన వెనక అందరూ లేచారు. ఒక్క జేబురుమాలు కూడా కొనకుండా వెళ్లిపోయారు. ఓబులమ్మ గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది, బీరువా వైపు. నాకు అప్పుడు మద్రాసు గుర్తుకే రాలేదు. గుర్తు చేసింది అమ్మ. ఇంకేం మద్రాసు, పెండ్లి బేరం పోగొట్టినావు, అంది లోపలికి వచ్చి.

మొన్న పులివెందుల బళ్లో పిల్లల కాగితాలు చూస్తుంటే ఇదంతా కదిలింది. వాళ్లకు మంచి కాగితం ఉంది, సిరా పాకదు, ఫోనులో గీసేవాళ్లకు కాగితమే అక్కర్లేదు. నేను పడిన పాట్లు చాలావరకు వాళ్లకు లేవు. కానీ ఒక పిల్ల తన కథలో అన్నిటికంటే మంచి బొమ్మ గీసి, ఆ రోజే ఫోనులో అందరికీ పంపింది. మెచ్చుకోళ్లు వచ్చాయి. ఆ కథ రెండో పేజీ ఇంతవరకు గీయలేదు. బట్టలంగడి ముఖం చూడకపోయినా కొంగు ముందే విసిరింది. ముగించేదాకా మడతలో ఉంచమని చెప్తే, చూపించకుంటే బాగుందో లేదో ఎట్ల తెలుస్తాది మేడమ్ అని అడిగింది. నువ్వు చదవమనకుండా చదివే ఒక్క మనిషి దొరికినప్పుడు తెలుస్తుంది, అప్పటిదాకా గీస్తూనే ఉండు, అన్నాను. ఆ రోజులే మంచివని నేను అనను. ఈ పిల్ల నా ముఖం మీదే ఎదురు ప్రశ్న వేసింది, బళ్లో ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. మా రోజుల్లో ఒక చీర అడగడానికి ఒక పుస్తకం కావాల్సి వచ్చింది.

ఇక నాయన. వాళ్లు వెళ్లిపోయాక ఆయన నన్ను పిలిచి, కుప్పగా పడి ఉన్న చీరలు మడవమన్నాడు. ఆయనా కూర్చున్నాడు. ఇద్దరం చెరో చివర పట్టుకుని మడుస్తూ పోయాం. ఎర్ర చీరలన్నీ అయ్యాక అడిగాడు.

"ఆ పిల్ల కడాకు చదివిందా?"

చదివిందన్నాను. నువ్వేమన్నా సైగ చేసినావా అన్నాడు. తెర వెనకే ఉన్నానన్నాను. ఆయన పుస్తకం తీసుకుని, చెవి మీది పెన్సిలు సర్దుకుని, మొదటి నుంచి చదివాడు. నా బొమ్మల పుస్తకం నాయన చదవడం అదే మొదలు. చివరి పేజీ దాకా చదివి పుస్తకం మూశాడు.

"మాట మాటే. మద్రాసుకు పోదాం" అన్నాడు. నేను ఏడుస్తుంటే చూడనట్టు లేచి, పై అరలోని నీలం చీర దించి, కాగితంలో చుట్టాడు. "నీ కతలో ఆ పిల్లకు చీర ఇచ్చినావు. అంగట్లో నేను ఇయ్యలేకపోతి. ఇది ఇంక అమ్మేది లేదు."

మనమే పంపిద్దామా అన్నాను. మనం పంపితే తిట్లు తినేది ఆ పిల్లేననీ, ఎప్పుడన్నా తానే వస్తుందనీ అన్నాడు. నేను మద్రాసు వెళ్లాను. చదువు, పని, పుస్తకాలు, జీవితమంతా ఆ బొమ్మల మీదే నడిచింది. చీర సంగతి పూర్తిగా మరిచిపోయాను.

శీను నా ఒళ్లో పెట్టిన పొట్లం ఇప్పుడు విప్పాను. అదే నీలం. ఇన్నేళ్లు అటక మీద ఉన్న పట్టు మడతల దగ్గర చిట్లిపోవాలి. ఒక్క చోట కూడా చిట్లలేదు. శీను పక్కన నిలబడి చెప్పాడు.

"నాయన ఉన్నన్నాళ్లూ ప్రతి ఉగాదికీ దించి మడత మార్చి పెడ్తాండె అక్కా. పోయేముందు నాకు చెప్పినాడు, మానొద్దని. ఎవురిదని అడిగితే, గిరాకీది, వస్తాది అన్నాడు. ఎవురూ రాలేదు. నేను మాత్రం మారుస్తానే ఉండా."

కొంగు విప్పబోయి ఆగాను. విప్పాల్సింది నేను కాదు. ఉన్న మడతలోనే మళ్లీ కాగితం చుట్టి, శీనుకు ఓబులమ్మ సంగతి చెప్పి, రేపు పొద్దున రాజుపాలేనికి మొదటి బస్సు ఎప్పుడని అడిగాను. వాడు నా వైపు విడ్డూరంగా చూశాడు. ఆమె ఏ ఊరికి ఇచ్చారో, ఉందో లేదో, ఉన్నా ఈ వయసులో ఆ చీర ఏం చేసుకుంటుందో అన్నాడు.

"కట్టుకుంటాదో, మనవరాలికి ఇస్తాదో, వద్దే వద్దంటాదో, ఆమె నోటితో ఆమె చెప్పాల" అన్నాను. "అప్పుడు ఎవురూ అడగల్యా శీనూ. నేను అడిగేదానికి పోతాండా."